చెడిపోయిన డిస్కు కూడా నాదే

హార్డ్ డిస్కు కొనేటప్పుడు దుకాణంలో అందరూ అడిగే ప్రశ్న ఒకటే: వారంటీ ఎన్నేళ్ళు? రెండేళ్ళంటే ముఖం చిట్లిస్తాం, మూడేళ్ళంటే సరే అంటాం, అయిదేళ్ళంటే ధర కాస్త ఎక్కువైనా తీసుకుంటాం. పాడైతే కొత్తది ఇస్తారు కదా అని మన లెక్క. ఆ కొత్తది చేతికి రావాలంటే పాతది వాళ్ళ చేతిలో పెట్టాలన్న షరతు మాత్రం ఎవరి లెక్కలోనూ ఉండదు. మిక్సీ విషయంలో ఇది పట్టించుకోనక్కరలేని షరతే. నిన్న అందులో ఏ పచ్చడి రుబ్బామో కంపెనీకి తెలిసినా మనకు పోయేదేమీ లేదు. హార్డ్ డిస్కులో ఉండేవి ఆధార్ స్కాన్లు, పట్టాదారు పాసుపుస్తకం కాపీలు, పన్ను రిటర్నులు, అమ్మ ఆపరేషన్ రిపోర్టులు, పాస్‌వర్డులన్నీ గుర్తుపెట్టుకున్న బ్రౌజరు, పిల్లల చిన్ననాటి ఫోటోలు. ఈ మొత్తాన్ని ఒక కవరులో పెట్టి, ఎవరో తెలియని మనిషి చేతికిచ్చి, రసీదు తీసుకుని రమ్మంటారు.

నా వాదన సూటిగా చెప్తాను. వారంటీ గడువులో పాడైన డిస్కును తిరిగి ఇవ్వకుండానే, లేదా దాన్ని మన చేతులతో పగలగొట్టి ఆ రుజువు చూపించి, కొత్తది పొందే హక్కు కొన్న ప్రతివాడికీ ఉండాలి. ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. పెద్ద సంస్థలకు ఈ సౌకర్యం ఎప్పటినుంచో ఉంది. మనకే లేదు.

నా దగ్గరి రెండు డిస్కులు వారంటీ గడువులోనే పోయాయి. ఒకటి మర్యాదగా ముందే చెప్పి పోయింది, రెండోది చెప్పాపెట్టకుండా పోయింది.

ప్రతి హార్డ్ డిస్కూ తన ఆరోగ్యాన్ని స్మార్ట్ అనే పట్టికలో తానే రాసుకుంటూ ఉంటుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దాన్ని ఎవరైనా చూడవచ్చు. అందులో 5వ నంబరు దగ్గర, పనికిరాక పక్కన పెట్టిన సెక్టార్ల (డేటా రాసుకునే చిన్న చిన్న గళ్ళ) లెక్క ఉంటుంది. 197 దగ్గర, చదవబోతే మొరాయిస్తూ ఇంకా ఎటూ తేలని సెక్టార్ల లెక్క ఉంటుంది. 198 దగ్గర ఉండేవి ఇక చదవలేమని డిస్కే చేతులెత్తేసినవి. నా మొదటి డిస్కులో 197 అంకె సున్నా నుంచి కదిలి, ఒక్కో వారం కొంచెం కొంచెంగా పెరిగింది. అప్పటికి అన్ని ఫైళ్ళూ తెరుచుకుంటూనే ఉన్నాయి. అలాంటప్పుడు చేయవలసిన పని తెలిసిందే: ఉన్నదంతా వేరే డిస్కులోకి ఎత్తిపెట్టడం, తయారీదారు సైట్‌లో దొరికే పరీక్ష సాఫ్ట్‌వేర్ నడిపి అది చూపించే లోపం కోడ్ రాసి పెట్టుకోవడం, ఆ తరవాత పాత డేటా తుడిచిపెట్టుకుపోయేలా డిస్కంతా సున్నాలతో నింపేయడం. 4 టీబీ డిస్కు మీద ఈ చివరి పని ఆరోగ్యంగా ఉన్నదానికే ఏడెనిమిది గంటలు తీసుకుంటుంది. జబ్బుచేసినదైతే రాత్రంతా పెట్టి వదిలేయాలి.

వారంటీ తతంగం నిజానికి అంత కష్టమైనది కాదు. డిస్కు మీది సీరియల్ నంబరు కంపెనీ సైట్‌లో కొడితే గడువు చెప్తుంది. అక్కడ చూపించే గడువు చాలాసార్లు తయారైన తేదీ నుంచి లెక్క వేసినది. జీఎస్టీ బిల్లు ఉంటే కొన్న తేదీకి మారుతుంది కాబట్టి బిల్లు పారేయకూడదు. అమెరికా నుంచి వచ్చే బావగారు సూట్‌కేసులో తెచ్చిపెట్టిన డిస్కుకు ఇక్కడ వారంటీ వర్తించదని అదే పేజీ చెప్పేస్తుంది. రెడీమేడ్ కంప్యూటర్‌లోంచి ఊడదీసి విడిగా అమ్మిన డిస్కయితే, ముందు ఆ కంప్యూటర్ కంపెనీ దగ్గరికి వెళ్ళమంటుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ధర వందల్లో తగ్గించి ఇస్తున్నారంటే ముందు ఈ రెండు సంగతులు తేల్చుకోవాలి. అన్నీ సరిపోతే ఆర్‌ఎంఏ నంబరు, అంటే వస్తువు తిప్పి పంపడానికి అనుమతి నంబరు, వస్తుంది. దాన్ని పెట్టె మీద రాసి, యాంటీ స్టాటిక్ కవరులో డిస్కు పెట్టి, చుట్టూ స్పాంజి పెట్టి ఇవ్వాలి. కవరు లేకుండా న్యూస్‌పేపర్‌లో చుట్టి పంపితే దారిలో దెబ్బతిందనే నెపం వాళ్ళకు మనమే అందించినట్లు.

కొన్ని వారాలకు బదులు డిస్కు వచ్చింది. దాని లేబుల్ మీద అది కొత్తది కాదని, మరమ్మతు చేసి పరీక్షించినదని చిన్న అక్షరాలతో ఉంది. నిబంధనల్లోనూ అదే ఉంటుంది: కొత్తదో, మరమ్మతు చేసినదో, ఏది ఇవ్వాలో కంపెనీ ఇష్టం. దాని వారంటీ పాతదాని మిగిలిన గడువు వరకే, అది మరీ తక్కువైతే 90 రోజులు. దీనితో నాకు పెద్ద పేచీ లేదు. కానీ ఆ డిస్కును కంప్యూటర్‌కు తగిలిస్తున్నప్పుడు ఒక సంగతి తట్టింది. ఇది నిన్నటిదాకా ఇంకొకరి ఇంట్లో తిరిగిన డిస్కు. నాది ఇప్పుడు మరొకరి ఇంటికి బయలుదేరి ఉంటుంది.

తుడిచి పంపాను కదా, భయమెందుకు? ఇక్కడే కొంచెం లోతుకు వెళ్ళాలి. ఒక సెక్టార్ పాడవగానే డిస్కు దాన్ని వాడుక నుంచి తప్పించి, దాని నంబరును వేరేచోట దాచి ఉంచిన మంచి సెక్టార్‌కు ఇచ్చేస్తుంది. ఆ తరవాత మనం ఎన్ని సున్నాలు రాసినా ఆ కొత్తచోటుకే వెళ్తాయి. పాత సెక్టార్‌లో ఉన్నది అక్కడే ఉండిపోతుంది. మామూలు ప్రోగ్రాములకు అది కనిపించదు, అంతే. డిస్కులోనే ఉండే సెక్యూర్ ఎరేజ్ ఆదేశంలో ఇలాంటి సెక్టార్లనూ తుడిచే రకం ఒకటి ఉంది గానీ, దాన్ని ఎంతమంది వాడతారు? నా డిస్కులో ఇలా మిగిలిపోయినవి కొద్దిపాటి ముక్కలే, వాటి కోసం ఎవరూ శ్రమపడరని సర్దుకున్నాను. మర్యాదగా పోయిన డిస్కుతో ఈ రాజీ సాధ్యమే.

రెండో డిస్కు అసలు ఆ అవకాశమే ఇవ్వలేదు. సాయంత్రం బాగానే పనిచేసినది మర్నాడు పొద్దున టిక్కు టిక్కుమని కొట్టుకుని ఆగిపోయింది. కంప్యూటర్ ఆన్ కాగానే తగిలించిన పరికరాలను గుర్తించే బయోస్‌లో దాని పేరే లేదు. పేరే కనిపించని డిస్కు మీద సున్నాలు రాయలేం. ఫైళ్ళకు బ్యాకప్ ఉంది కాబట్టి పోయినదేమీ లేదు. పోకుండా దాని లోపల మిగిలిపోయినదే సమస్య.

సర్వీస్ సెంటర్‌లో నింపమని ఇచ్చిన ఫారంలో, డేటాకు కంపెనీ ఏ బాధ్యతా వహించదని, దానికి నేను ఒప్పుకుంటున్నానని ఒక వాక్యం ఉంది. కౌంటర్ దగ్గరి కుర్రవాణ్ణి అడిగాను.

"ఇందులో ఉన్నది ఏమవుతుంది బాబూ?"

"అక్కడ ఫార్మాట్ చేసేస్తారండి."

"చదవడానికే రాని డిస్కును ఎలా ఫార్మాట్ చేస్తారు?"

"మరి అది పనిచేయదు కదండీ, ఎవరు చూస్తారు?"

"పనిచేయనిదాన్ని వెనక్కి తీసుకుని ఏం చేసుకుంటారు?"

అతను నవ్వాడు. అతని తప్పేమీ లేదు. పెట్టెలు తీసుకుని నంబర్లు వేయడం అతని ఉద్యోగం. కానీ నా ప్రశ్నలన్నిటికీ ఒకేసారి సరిపోయే జవాబు ఆ కంపెనీ దగ్గర కూడా ఉండదు. డిస్కు నిజంగా పనికిరానిదైతే వాళ్ళకు అక్కరలేదు, నాకే వదిలేయవచ్చు. వాళ్ళకు పనికొచ్చేదైతే అందులోని నా డేటా కూడా చదవడానికి వీలైనదే.

నిజం ఏమిటంటే, మనకు చచ్చిన డిస్కు, పనితనం తెలిసినవాడి బల్ల మీద చాలాసార్లు బతికే ఉంటుంది. హార్డ్ డిస్కు లోపల ప్లాటర్లు, అంటే డేటా ఉండే గుండ్రటి పళ్ళేలు, నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంటే, వాటిమీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో, చదివి రాసే హెడ్ తేలుతూ ఉంటుంది. హెడ్ పాడైతే డిస్కు టిక్కుటిక్కుమంటుంది. బయటి సర్క్యూట్ బోర్డు కాలిపోతే అసలు తిరగదు. రెండు సందర్భాల్లోనూ ప్లాటర్ల మీద రాసినది చాలావరకు చెక్కు చెదరకుండా ఉంటుంది. బోర్డు మార్చి, పాత బోర్డులోని చిన్న మెమొరీ చిప్‌ను కొత్తదానిలో అతికిస్తే ఎన్నో డిస్కులు లేచి కూర్చుంటాయి. డేటా రికవరీ చేసేవాళ్ళంతా బతుకుతున్నది దీనిమీదే. డిస్కు ధరకు మూడు నాలుగు రెట్లు తీసుకుని వాళ్ళు వెనక్కి తెచ్చి ఇచ్చేది ఇలాంటి 'చచ్చిన' డిస్కుల్లోంచే.

ఎవరో పనిగట్టుకుని నీ డిస్కే తెరిచి చూస్తారా అని మిత్రులు నవ్వుతారు. నా డిస్కే చూస్తారని నేనూ అనుకోవడం లేదు. కానీ చేతులు మారే డిస్కుల చరిత్ర చూస్తే ధైర్యం కలగదు. అమెరికాలో ఎంఐటీ విద్యార్థులు సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలట్ ఒకప్పుడు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో 158 డిస్కులు కొని పరీక్షించి, 2003లో ఫలితాలు ప్రచురించారు. చదవగలిగిన 129 డిస్కుల్లో సరిగా తుడిచినవి 12. మిగతావాటిలో వేల సంఖ్యలో క్రెడిట్ కార్డు నంబర్లు, వైద్య వివరాలు, సొంత ఉత్తరాలు బయటపడ్డాయి. ఒకటైతే ఏటీఎం యంత్రంలోంచి వచ్చినది. ఇది పాత కథే. కానీ తుడవడానికి వీలున్నవాటినే తుడవకుండా వదిలేశారంటే, వీలులేని వాటి సంగతి ఊహించుకోవచ్చు.

ఇంకా దగ్గరి ఉదాహరణ 2009లో బయటపడింది. అమెరికా జాతీయ పురాభిలేఖాల సంస్థలో మాజీ సైనికుల రికార్డులు ఉన్న డిస్కుల వరసలో ఒకటి పాడైంది. మనం చేసే పనే వాళ్ళూ చేశారు: అమ్మినవారికి తిప్పి పంపారు. వాళ్ళు చూసి, బాగుచేయడం కుదరదని తేల్చి, రీసైక్లింగ్‌కు మరో సంస్థకు అప్పగించారు. ఈ ప్రయాణంలో ఎక్కడా ఎవరూ డేటా తుడవలేదు. ఆ డేటాబేసులో ఉన్నవి 7 కోట్ల పైచిలుకు మనుషుల వివరాలు, అందులో మన ఆధార్ లాంటి సోషల్ సెక్యూరిటీ నంబర్లు లక్షలాది. ఎవరో దొంగిలించారని కాదు. వారంటీ రిటర్న్ అనే మామూలు కార్యాలయ వ్యవహారంలో, ప్రతి ఒక్కరూ తమ నిబంధన ప్రకారమే నడుచుకుంటూ, ఆ డిస్కును చేతులు మార్చారు. నన్ను భయపెట్టేది ఆ మామూలుతనమే.

పెద్ద సంస్థలు ఈ పాఠం నేర్చుకున్నాయి. వాటికి సర్వర్లు, ల్యాప్‌టాప్‌లు అమ్మే డెల్, లెనోవో, హెచ్‌పీ లాంటి కంపెనీల దగ్గర ఒక అదనపు సేవ దొరుకుతుంది: ఇంత కడితే, పాడైన డిస్కు మీ దగ్గరే ఉంచుకోండి, బదులు డిస్కు మేం ఇస్తాం. బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వ కార్యాలయాలు దీన్ని కొంటాయి. నా వాదనకు ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. పాడైన డిస్కు తిరిగి రాకపోతే వ్యాపారం మునిగిపోతుందన్న మాట నిజమైతే ఇలాంటి సేవకు ధర కట్టగలిగేవారే కాదు. ధర ఉందంటే అది లెక్కకు అందే నష్టమే. ఆ ధరను సామాన్యుడికి చెప్పడానికి మాత్రం ఎవరికీ మనసు రాదు.

పోటీ ఉంటే ఎవరో ఒకరు ముందుకు వస్తారు కదా అనవచ్చు. పోటీ ఎక్కడుంది? 2011 డిసెంబరులో సీగేట్ శామ్‌సంగ్ డిస్కుల వ్యాపారాన్ని కొనేసింది, 2012 మార్చిలో వెస్ట్రన్ డిజిటల్ హిటాచీ డిస్కుల సంస్థను కొనేసింది. తోషిబాను కలుపుకుంటే ప్రపంచంలో మిగిలింది ముగ్గురు. 2011 అక్టోబరులో థాయ్‌లాండ్ వరదల్లో కర్మాగారాలు మునిగి డిస్కుల ధరలు ఆకాశానికి అంటినప్పుడు, ఆ ఏడాది చివర్లోనే ఇద్దరు పెద్దవాళ్ళూ మామూలు డిస్కుల వారంటీని కోసేశారు. మూడేళ్ళున్నవి రెండేళ్ళకు, కొన్నయితే ఒక్క ఏడాదికి దిగాయి. ధర పెరిగింది, హామీ తగ్గింది, కొనేవాళ్ళు కొంటూనే ఉన్నారు. అలా నడిచిన బజారు తనంతట తానే మన గోప్యత గురించి ఆలోచిస్తుందని నేను ఎదురుచూడను.

కంపెనీల వైపు మాటలు వినకపోతే వాదన సగమే అవుతుంది. మొదటిది మోసం. డిస్కు వెనక్కి రాకపోతే, బాగున్నదాన్ని పాడైందని చెప్పి రెండోది కొట్టేసేవాళ్ళు ఉంటారు. ఉంటారు, కాదనను. కానీ సీరియల్ నంబరు కనబడేలా డిస్కుకు మధ్యలోంచి రంధ్రం వేసి ఫోటో పంపమంటే, లేదా సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గరే వాళ్ళ కళ్ళెదుట రంధ్రం వేయిస్తే ఆ మోసానికి దారి ఎక్కడిది? ఆ నంబరును తమ పట్టికలో కొట్టేస్తే సరిపోతుంది. ఒక డ్రిల్లింగ్ మెషీన్ సర్వీస్ సెంటర్‌కు భారమా?

రెండోది, లోపం ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలంటే పాడైన డిస్కు కావాలన్నది. ఇది కొంత న్యాయమైన మాట. మంచి డిస్కులు ఆ పరిశీలన వల్లే పుడతాయి. అయితే దానికి వచ్చిన ప్రతి డిస్కూ అక్కరలేదు. అభ్యంతరం లేనివాళ్ళు ఇచ్చేవి చాలు, అలాంటివాళ్ళే ఎక్కువమంది ఉంటారు కూడా. నా వంటివాళ్ళ వల్ల తగ్గేది, మరమ్మతు చేసి ఇంకొకరికి బదులుగా ఇచ్చే సరుకు. అంటే అసలు నష్టం అక్కడ. అది డబ్బు విషయమని ఒప్పుకుంటే బేరం ఆడుకోవచ్చు.

చట్టం ఏమంటుందో కూడా చూశాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద, లోపం ఉన్న వస్తువు గురించి మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. ఫిర్యాదుకు ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి చెప్పుకోవచ్చు. వారంటీ ఇవ్వకుండా తిప్పించుకుంటుంటే ఈ దారి బాగానే పనికొస్తుంది. నా పేచీ మాత్రం షరతుతో. కొనుగోలుదారుకు నష్టం కలిగించే అసమంజసమైన షరతు పెట్టడాన్ని ఆ చట్టమే అన్యాయమైన ఒప్పందం కింద లెక్కవేసింది. అయితే అలాంటి ఫిర్యాదు వినే అధికారం జిల్లా కమిషన్‌కు ఇవ్వలేదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్ళాలి. కొన్ని వేల రూపాయల డిస్కు కోసం, వకీలును పెట్టుకుని రాష్ట్ర కమిషన్ మెట్లెక్కే మనిషిని నేనింకా చూడలేదు.

ఇక 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. ఇంటి అవసరాలకు డేటా దాచుకునే మనిషి జోలికి అది రాదు. కానీ మా వీధిలోని ఫోటో స్టూడియో సంగతి వేరు. ఆయన దగ్గర ఎన్నో పెళ్ళిళ్ళ ఫోటోలు, వీడియోలు డిస్కుల్లో ఉన్నాయి. ఆడపిల్లల ఫోటోలు బయటికి పోతే ఊళ్ళో తలెత్తుకోలేనని, పాడైన డిస్కుల్ని వారంటీ ఉన్నా ఇవ్వకుండా బీరువాలో పడేస్తున్నాడు. పక్కనే ఉన్న ఆడిటర్ దగ్గర వందల మంది పాన్ నంబర్లు, బ్యాంకు వివరాలు ఉన్నాయి. ఇలా వృత్తి కోసం ఇతరుల వివరాలు దాచేవాళ్ళు వాటిని భద్రంగా కాపాడాలని, లేకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వేయవచ్చని చట్టం అంటోంది. 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. డేటా కాపాడమని ఒకవైపు చట్టం, కాపాడలేని స్థితిలో ఉన్న డిస్కును అప్పగించమని మరోవైపు వారంటీ. ఈ చిన్న వృత్తుల వాళ్ళకు తమ హక్కు వదులుకోవడం తప్ప దారి లేదు. అలా బీరువాల్లో పడి ఉన్న ప్రతి డిస్కూ తయారీదారుకు మిగిలిన ఖర్చే.

మొదటినుంచీ ఎన్‌క్రిప్షన్, అంటే తాళంచెవి లాంటి రహస్య పదం లేనిదే చదవలేని రూపంలోకి డేటాను మార్చే ఏర్పాటు, పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు కదా అన్నవాళ్ళకు: నిజమే, ఇప్పుడు నేను అదే చేస్తున్నాను. బిట్‌లాకర్, ఫైల్‌వాల్ట్, వెరాక్రిప్ట్, లినక్స్‌లో లక్స్, ఏదో ఒకటి డిస్కు కొన్న రోజే పెడితే, పాడైన డిస్కు ఎవరి చేతికి పోయినా అది అర్థం లేని అంకెల కుప్ప. ఈ వ్యాసం చదివినవాళ్ళు ఈ రోజే ఆ పని చేస్తే మంచిది. తాళంచెవి కాగితం మీద రాసి వేరేచోట దాచుకోవడం మరిచిపోకూడదు, అది పోతే డిస్కు బాగున్నా డేటా పోయినట్లే. కానీ దీన్ని పరిష్కారమని కంపెనీలు చెప్తే ఒప్పుకోను. విండోస్ హోమ్ ఎడిషన్‌లో బిట్‌లాకర్ పూర్తి రూపంలో లేదు. టీవీకి తగిలించే డిస్కుకు తాళం వేస్తే టీవీ చదవదు. సీసీ కెమెరాల రికార్డర్‌లో ఉండే డిస్కుకు మనం ఏ తాళమూ వేయలేం, అందులో ఉన్నది మన గుమ్మంలోకి వచ్చిపోయేవాళ్ళందరి ముఖాలు.

ఆ రెండో డిస్కును నేను ఇవ్వలేదు. ఫారం మీద సంతకం పెట్టకుండా వెనక్కి తెచ్చేశాను. తరవాత కంపెనీకి మెయిల్ రాశాను: డిస్కుకు మీ మనిషి ఎదుటే రంధ్రం వేయిస్తాను, సర్క్యూట్ బోర్డు మీకే ఇస్తాను, ప్లాటర్లు మాత్రం నా దగ్గర ఉంటాయి, బదులు డిస్కు ఇవ్వండి. నిబంధనల ప్రకారం వీలు కాదని మర్యాదగా జవాబు వచ్చింది. డిస్కుకు భౌతికంగా హాని చేస్తే వారంటీ రద్దవుతుందని కూడా గుర్తుచేశారు. మళ్ళీ రాశాను: అలాగయితే కొనేటప్పుడే అడగండి, డిస్కు ధర మీద వెయ్యి రూపాయలు అదనంగా కట్టి పాడైనది నా దగ్గరే ఉంచుకునే వారంటీ తీసుకుంటాను, పెద్ద సంస్థలకు ఇస్తున్నదే కదా. ఆ ప్రశ్నకు జవాబు రాలేదు. ఫిర్యాదు పరిష్కారమైనట్లు ఒక ఎస్‌ఎంఎస్, మా సేవకు పదికి ఎన్ని మార్కులు వేస్తారంటూ ఒక లింకు వచ్చాయి.